నిట్రాడ నిలిపిన ఇల్లు: మన రైతు గృహముల నిర్మాణము, చరిత్ర

పాత ఇల్లు విప్పబోవుచున్నారని తెలిసినచో ఆ గుమ్మమునకు మొదట వచ్చువాడు కలప వర్తకుడు. అతడు గోడలవైపు చూడడు. లోపల అడుగుపెట్టి, తల పైకెత్తి, దూలములను లెక్కపెట్టును. వ్రేలి కణుపుతో ఒక్కొక్క స్తంభమును తట్టి చెవియొగ్గి వినును. చేవగల కొయ్య ఒక విధముగను, లోన చెద తినిన కొయ్య మరియొక విధముగను పలుకును. పిమ్మట ఒక మొత్తము చెప్పును. ఇంటివారు ఇంత పాత కొయ్యకు ఇంత ధరయా అని ఆశ్చర్యపడుదురు. బేరము కుదురును. వారము దినములలో ఇల్లుండిన చోట మట్టిదిబ్బ మిగులును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములలో ఈ వ్యవహారము తరచుగా జరుగుచున్నది. వర్తకునకు తెలిసిన సంగతి ఒకటి మనలో పలువురము మరచితిమి. మన పాత రైతు ఇల్లు చూపునకు మట్టి ఇల్లే గాని, నిజమునకు అది కొయ్య ఇల్లు.

మట్టిగోడ ఎండకు, చలికి, దొంగకు, పశువునకు అడ్డముగా పెట్టిన తెర. కప్పు బరువును ముఖ్యముగా మోయునది అది కాదు. నేలనుండి లేచిన స్తంభములు, వాటి తలలపై పరచిన దూలములు, దూలముల నడుమ నిలిపిన పొట్టి గుంజలు, వాటిపై వెన్నుగాడి, వెన్నుగాడి నుండి చూరు వరకు దిగిన వాసములు, ఇవి యన్నియు ఒకదానినొకటి పట్టుకొని నిలిచిన పంజరమే ఇల్లు. నాగావళి, వంశధార పొంగిన యేండ్లలో గోడలు నాని కూలినను కప్పు స్తంభములపై నిలిచియుండుటయు, నీరు తీసిన పిమ్మట ఆ కప్పు క్రిందనే మరల గోడ పెట్టుకొనుటయు ఏటిగట్టు గ్రామములవారికి క్రొత్త కాదు. నట్టింట వెన్నుగాడిని మోయుచు నిలిచిన స్తంభమునకు నిట్రాడ అని పేరు. సంసారమును నిలబెట్టిన మనుష్యుని ఆ ఇంటికి నిట్రాడ అని చెప్పుట ఊరక పుట్టిన మాట కాదు.

కనుక ఈ ఇంటి చరిత్ర గోడల చరిత్ర కాదు. ఆ చెట్టు ఏ కొండపై పెరిగెను, దానిని కొట్టు హక్కు ఎవనికుండెను, ఊరికి తెచ్చుటకు ఎవనికేమి చెల్లించవలసి వచ్చెను అను ప్రశ్నలకు సమాధానమే ఈ ఇంటి చరిత్ర. శాసనములు, కైఫీయతులు కోటలను గురించియు, కోవెలలను గురించియు చెప్పినంతగా రైతు ఇంటిని గురించి చెప్పలేదు. రైతు ఇంటికి వ్రాతప్రతి దాని దూలములే. ఆ ప్రతిని చదువకముందే మనము అమ్ముకొనుచున్నాము.

మన తీరమున కనబడు గృహములలో మిక్కిలి పాత రూపము చుట్టిల్లు. భీమునిపట్నము మొదలు ఉత్తరముగా సముద్రపుటొడ్డు పల్లెలలో ఇవి నిన్న మొన్నటి వరకు గుంపులుగా నుండెడివి. నేడు అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలినవి. గుండ్రని మట్టిగోడ, లోపల అటక, పైన గొడుగువలె తాటాకు కప్పు. ఆ కప్పు చూరు నేలకు అతిసమీపముగా దిగును. లోపలికి పోవువాడు ఎంతటివాడైనను వంగి పోవలసినదే. ఈ ఇంటిలో మాత్రము గోడయు బరువు మోయును. వాసములన్నియు గోడ అంచునుండి లేచి కొప్పు వద్ద కలిసికొనును. తుఫాను గాలికి తగులుటకు మూలగాని, ఎత్తైన చదునైన గోడగాని లేదు. గాలి కప్పు చుట్టును జారిపోవును. చూరు క్రిందుగా నుండుటచేత గాలి లోపల దూరి కప్పును లేవనెత్తుటకును వీలు తక్కువ. ఇంజనీర్లు నేడు లెక్కలు వేసి చెప్పు సంగతిని పల్లెవారు తరతరముల నష్టములచేత నేర్చుకొనిరి.

ఈ రూపము ఎంత పాతదో తెలిసికొనుటకు ఏలూరు జిల్లాలోని గుంటుపల్లికి పోవలెను. అచ్చట కొండలో క్రీస్తుపూర్వకాలమున తొలిచిన గుండ్రని చైత్యగుహ కలదు. దాని లోకప్పున రాతిలో వాసములు చెక్కిరి. కొండను తొలిచిన గుహకు వాసములతో పనియేమి? శిల్పి తాను ఎరిగిన కొయ్య ఇంటిని రాతిలో వ్రాసిపెట్టెను. రెండువేల యేండ్లకు పూర్వమే తెలుగునాట గుండ్రని కొయ్యకప్పు ఇండ్లుండినవని చెప్పుటకు ఇంతకంటె గట్టి సాక్ష్యము దొరకదు. మన వంశధార ఒడ్డున శాలిహుండము కొండపై సైతము గుండ్రని ఇటుక చైత్యగృహపు పునాదులు బయటపడినవి. ఆ బౌద్ధక్షేత్రమును 1919లో లోకమునకు తెలియజేసినవారు గిడుగు రామమూర్తిగారు. వాడుక భాష కొరకు జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుడు ఈ వ్యాసపు భాషను చూచినచో ఏమనెడివారో యని ఒక్కొక్కమారు నాకు జంకు కలుగుచుండును.

తీరమును విడిచి లోపలి గ్రామములకు వచ్చినచో ఇండ్ల రూపము మారును. ఇచ్చట ఇండ్లు వీధి కిరువైపుల ఒకదానినంటి యొకటి బారులు తీరియుండును. వీధివైపు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు వీధి అరుగు, పిమ్మట పంచ, సావిడి, నట్టిల్లు, వంటిల్లు, వెనుక పెరడు, పశువుల సాల. వీధి కొసన నిలిచి చూచినచో చూరులన్నియు కలిసి ఒకే ఇల్లువలె కనబడును. రెండిండ్ల నడుమ ఉమ్మడిగోడ. ఈ ఉమ్మడిగోడ తగవులకు మూలము కావలసినదే. కాని దూలపు కొనలను ఆ గోడలో దించక, తన స్తంభముపైననే ఆపుకొన్న ఇంటివాడు పొరుగువాని కప్పును కదల్పకయే తన ఇల్లు విప్పుకొని మరల కట్టుకొనగలిగెడివాడు. కొయ్య పంజరపు ఉపయోగములలో ఇదియొకటి. దీనికి మారుగా ఒక పెద్ద కీడును కలదు. గడ్డికప్పుల కాలమున ఒక ఇంట నిప్పు పుట్టినచో పడమటిగాలి దానిని వీధి చివరివరకు తీసికొనిపోయెడిది. వేసవిలో మిట్టమధ్యాహ్నము వంట ముగించి నిప్పు ఆర్పివేయవలెనను కట్టుబాటు అనేక గ్రామములలో నుండుట అందుచేతనే.

ఇల్లు కట్టుట కోతలు, నూర్పులు ముగిసిన పిమ్మటి పని. మాఘమాసము నుండి తొలకరి లోపల గోడ ఎండవలెను, కప్పు పడవలెను. అంతకు చాల ముందుగనే కొయ్య సిద్ధము కావలెను. కొయ్యను ఎన్నుకొనుటలో పెద్దలకు స్పష్టమైన తరగతులుండెడివి. స్తంభములకు, దూలములకు, ద్వారబంధములకు గుగ్గిలము, టేకు, మద్ది, ఏగిస. దొడ్డిలోను పొలముగట్టునను పెరిగిన వేప, చింత, పనస అందినవారికి అందినట్లు. గుగ్గిలము ప్రధానముగా ఉత్తర, మధ్య భారతముల చెట్టు. తూర్పుకనుమల వెంట దిగివచ్చి మన పాలకొండ, పార్వతీపురముల కొండల ప్రాంతముతో దాదాపు ఆగిపోవును. కావున గుగ్గిలపు దూలము మన ఉత్తరపు ఇండ్లకు ఒక గుర్తు వంటిది. బరువైనది, గట్టిది, ఎండిన పిమ్మట దానిలో మేకు దించుటయే కష్టము.

కాని కొండకు దూరమైన రైతును, ముఖ్యముగా సముద్రమువైపు రైతును కాపాడినది తాడిచెట్టు. తాడిమ్రాను స్వభావము తక్కిన చెట్లకు విరుద్ధము. ఇతర వృక్షములకు చేవ నడుమ నుండును. తాడికి చేవ అంచున నుండును. నడిమి భాగము మెత్తని బెండు. అందుచేత వడ్రంగి మ్రానును నిలువున చీల్చి, లోపలి బెండును తొలగించి, అంచునగల నల్లని చేవను వాసములుగను దూలములుగను తీసికొనును. లేత చెట్టు పనికిరాదు. తాత నాటినదానిని మనుమడు కొట్టవలెనని ఊరక అనలేదు. అన్ని యేండ్లు నిలిచినగాని అంచున దట్టమైన చేవ పట్టదు. ఆ చెట్టే ఆకుల నిచ్చి కప్పైనది, నార నిచ్చి కట్టైనది. ఒకే చెట్టుతో కప్పంతయు తీరిన ఇండ్లు మన తీరమున ఎన్నియో గలవు.

కొట్టిన తాడిని, వెదురును తెచ్చిన వెంటనే వాడరు. చెరువులో నెలల తరబడి నానవేయుదురు. కొయ్యలోని తీపిరసము, పిండిపదార్థము నీటిలోనికి దిగిపోవును. పుచ్చుపురుగునకు ఆహారము ఆ పిండియే; అది పోయినచో పురుగు ముట్టదు. అమావాస్య దినములలో కొట్టిన వెదురు పుచ్చదని చెప్పుదురు. చంద్రుని మాట యెట్లున్నను, నానవేయుటలోని మేలు మాత్రము నిస్సంశయము.

వడ్రంగి పని చూడదగినది. ఒకడు మీద, ఒకడు క్రింద నిలిచి పెద్ద రంపముతో దుంగను కోయుదురు. బాడిస, ఉలి, బరమా, వీటితో తక్కిన పని యంతయు. ఒక కొయ్య కొనను నాలుకవలె చెక్కి, రెండవదానిలో దానికి సరిపడు బెజ్జము తొలిచి, దించి, అడ్డముగా కొయ్యచీల బిగింతురు. ఇనుప మేకు వాడుట తక్కువ. ఇనుము చెమ్మకు తుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను తినివేయును. కొయ్యచీల కొయ్యతోపాటు ఉబ్బి, కొయ్యతోపాటు తగ్గును. గాలివానలో కప్పు కొంచెము ఊగి మరల కుదురుకొనును. తొట్రుపడక, విరుగక, ఊగి నిలుచుటయే ఈ అతుకులలోని నేర్పు. చీల ఊడదీసినచో ఇల్లంతయు విడివడును. అన్నదమ్ములు వేరుపడినపుడు, ఊరు వరదకు వెరచి మెట్టకు తరలినపుడు ఇంటి కొయ్యను విప్పి, బండ్లపై వేసికొని పోయి వేరొకచోట నిలుపుకొనుట ఇందుచేతనే సాధ్యమయ్యెను. మన పెద్దలకు నేల స్థిరము, కొయ్య చరము. పంపకములలో దూలములను లెక్కించి పంచుకొన్న కుటుంబములు తక్కువ కావు.

స్తంభపు మొదలు విషయమున రెండు పద్ధతులు గలవు. ఒకటి మొదటిని భూమిలో పాతుట. గాలికి ఇది మంచిది. స్తంభము తనంత తాను నిలుచును. కాని నేల అంచున, తడియు ఎండయు మారుచుండు చోట, కొయ్య ముందుగా చివుకును. రెండవ పద్ధతి మొదటిని రాతిదిమ్మెపై నిలుపుట. చివుకు పట్టదు, చెద త్వరగా ఎక్కదు. అయితే స్తంభమునకు సొంత పట్టు లేదు గనుక పైనున్న అతుకులును, చుట్టునున్న గోడలును కలిసి దానిని పట్టుకొనవలెను. బీద ఇండ్లలో పాతిన రాటలు, కలిగిన ఇండ్లలో దిమ్మెపై నిలిచిన స్తంభములు కనబడుట సాధారణము. దిమ్మెపై నిలిచిన స్తంభము నూరేండ్లు దాటి నిలుచుటకును, పాతిన రాట ఒక తరములోనే మార్పు కోరుటకును మూలము ఈ జానెడు రాయి.

గోడమట్టిలో గడ్డి కలిపి, త్రొక్కి, కొన్ని దినములు పులియనిచ్చి, మూరెడు ఎత్తు వరుస పెట్టి, అది ఎండిన తరువాత పై వరుస పెట్టుదురు. తొందరపడి తడివరుసపై వరుస ఎత్తినచో గోడ ఒరగును. పైకి పోయినకొలది మందము తగ్గింతురు. ఇంటి కొలతలకు ఆయము చూచు ఆచారము కలదు. లెక్కించి ఎనిమిదిచే భాగించగా వచ్చిన శేషమును బట్టి ధ్వజ, ధూమ, సింహ, శ్వాన, వృషభ, ఖర, గజ, కాక అను ఎనిమిది ఆయములలో ఏది పడినదో చూచి, ధ్వజ, సింహ, వృషభ, గజములు మంచివని ఎంచుకొందురు. దాని శుభాశుభములను గూర్చి వాదములు వలదు గాని, ఆయము వలన ఒక ఉపకారము జరిగినది. ఇంటి పొడవు, వెడల్పు మూరలతో, అంగుళములతో ఆ ఇంటివారికి నోటికి వచ్చుచుండెడివి.

ఇక కప్పు. వరిగడ్డి కప్పు ఏడాదికో రెండేండ్లకో నేయవలెను. రెల్లు, తాటాకు మరికొంతకాలము నిలుచును. గడ్డికప్పునకు వాలు ఎక్కువ కావలెను, లేనిచో నీరు నిలిచి కుళ్లును. దాని బరువు స్వల్పము; సన్నని వాసములు, వెదురుబద్దలు చాలును. కుమ్మరి చేయు నాటుపెంకు వేరు. కుమ్మరి సారెపై గొట్టమువలె తీసి, నిలువున రెండుగా చీల్చి, ఆరబెట్టి కాల్చిన ఆ పెంకు రెండు వరుసలుగా, బోర్లయు వెల్లకిలయు, పరచినపుడు ఎండలోనే చాల బరువు. వానకు నానినచో మరింత బరువు. ఆ బరువును మోయుటకు దూలము లావు కావలెను, వాసములు దగ్గరగా పడవలెను. కావున పెంకుటిల్లు కలిగినవాని గుర్తు కావుటకు కారణము పెంకు ధర కాదు. పెంకు మన ఊరి చెరువుమట్టియే. దానిక్రింది కొయ్య ధర అసలు ధర. గడ్డికప్పు నుండి పెంకుకప్పునకు మారుట అనగా కొండమీది చెట్టును దించి తేగలిగిన స్థితికి వచ్చుట.

మండువా లోగిళ్లు వీటిలో పెద్దవి. నాలుగు వైపుల కప్పులును లోపలికి వాలి, నడుమ ఆకాశము కనబడు పల్లపు వాకిలి ఏర్పడును. వానపడినపుడు నలువైపుల చూరునీరు అందులో పడి, తూము ద్వారా వీధికాలువకు పోవును. కప్పులు కలియు నాలుగు మూలలలో ఏటవాలుగా వేయు వాసములు వడ్రంగికి పరీక్ష. అచ్చట కోణము ఏ మాత్రము తప్పినను జన్మాంతము కారుచుండును. గ్రామపెద్దలును, కరణములును, పెద్ద కమతములవారును కట్టుకొన్న ఈ ఇండ్లలో స్తంభముల తలలపై బోదెలు, ద్వారబంధములపై పద్మములు, గజలక్ష్మి చెక్కించిరి. ద్వారబంధము ఎత్తునాడు పసుపు కుంకుమలతో, మామిడాకులతో చేయు పూజ పేద ఇంటను, పెద్ద ఇంటను ఒకటియే.

రైతు ఇల్లు నివాసము మాత్రమే కాదు, వ్యవసాయపు పనిముట్టు. ముంగిట గడ్డిమోకుతో చుట్టిన ధాన్యపు పురి, లోపల గాదె, అటకపై విత్తనములు, ఉలవలు, కందులు, చూరున చెక్కిన కొడవలి, దూలమునకు వ్రేలాడు ఉట్టి. కప్పు క్రింద ఖాళీ చోటు అనునది లేదు. వంటింటి పొగ అటకమీదుగా వ్యాపించి, వాసములను నల్లగా చేసి, పెంకు సందులనుండి పోవును. ఆ మసి పట్టిన కొయ్యకు పురుగు పట్టుట అరుదు; విత్తనములకును పురుగు పట్టదు. పొగ దూలమును కాపాడినది నిజమే. ఆ పొయ్యిని ఊదిన ఇల్లాలి కన్నులను, ఊపిరితిత్తులను మాత్రము కాపాడలేదు. పాత ఇండ్లను పొగడు వ్యాసములలో ఈ మాట సాధారణముగా కనబడదు గనుక ఇచ్చట వ్రాయుచున్నాను. లోగదులలో పగలే చీకటి. తేళ్లు, జెర్రులు పెంకులలో కాపురము. ఏటేట పెంకు సరిదించుట తప్పని ఖర్చు.

మరియొక మాటయు చెప్పవలెను. కొండనుండి దుంగలు దించినవారు, మట్టి త్రొక్కినవారు, గోడ పెట్టినవారు, గడ్డి నేసినవారు చాలవరకు అట్టి ఇంటిలో నివసింపలేదు. పాలేరులకును, కూలివారికిని ఊరి చివర నాలుగు రాటలపై ఒక పూరిపాక. ఆ పాకలో సైతము కొయ్య పంజరపు నీతి అదియే. కాని కొయ్య వంకరది, సన్ననిది, తాత్కాలికమైనది. ఊరిలో ఎవరి ఇంట ఎంత లావు దూలమున్నదో చూచినచో ఆ ఊరి భూమి పంపకము తెలియును.

ఇప్పుడు చెట్టు హక్కు సంగతికి వచ్చెదము. 1802లో శాశ్వత పరిష్కారము వచ్చినపుడు మన ప్రాంతము విజయనగరము, బొబ్బిలి, సాలూరు, కురుపాము, పర్లాకిమిడి, టెక్కలి, మందస వంటి జమీందారీల క్రింద నుండెను. కొండలును, అడవులును చాలవరకు జమీందారులవి. నాగలికఱ్ఱకును, ఇంటివాసమునకును అడవికి పోవుట రైతుకు అనాదిగా వచ్చిన వాడుక. వాడుక వేరు, హక్కు వేరు. జమీందారు ఉద్యోగి అభ్యంతరపెట్టినచో ఆ వాడుకకు కాగితము లేదు. 1882లో మద్రాసు అడవుల చట్టము వచ్చి ప్రభుత్వపు అడవులలో రిజర్వు హద్దులు ఏర్పడినవి. రైతు పొలములోని చెట్టు సైతము తనదని చెప్పుటకు వీలుకాని చోట్లుండెను. 1908 నాటి మద్రాసు ఎస్టేటుల భూమి చట్టము ఈ విషయమున ఒక మలుపు. సాగు హక్కుగల రైతు తన కమతములో నాటిన చెట్టును, తనంత మొలిచిన చెట్టును అనుభవించుటకును, కొట్టుకొనుటకును ఇకమీదట హక్కు గలవాడని ఆ చట్టపు 12వ విభాగము చెప్పినది. దీనికి విరుద్ధమైన ఆచారముగాని, ఒడంబడికగాని చెల్లదనియు చెప్పినది. చట్టమునకు పూర్వమే కమతములో నున్న చెట్లపై కూడ హక్కునిచ్చినది గాని, అందు జమీందారునకు పాత ఆచారముచేతనో, వ్రాతపూర్వక ఒప్పందముచేతనో నిలిచియున్న హక్కులను మినహాయించినది. తన దొడ్డిలో తాను నాటిన టేకుమొక్క తన మనుమని దూలమగునని రైతు నమ్మకముగా చెప్పగలిగినది అప్పటినుండి.

అడవిమాట మాత్రము తేలలేదు. 1940 మార్చి నెలలో పలాసలో అఖిలభారత కిసాన్ మహాసభ జరిగెను. ఆ వెనువెంటనే మందస జమీందారీలో గుడారి రాజమణిపురపు రైతులు జమీందారు అడవిలో కలప కొట్టి తెచ్చుకొనిరి. వారిని పట్టుకొనుటకు పోలీసులు వచ్చిరి. ఏప్రిల్ 1వ తేదీన జరిగిన కాల్పులలో గున్నమ్మ అను రైతుమహిళయు, ఆమెతోపాటు మరికొందరును ప్రాణములు కోల్పోయిరి. వీరగున్నమ్మ అని మన జిల్లా ఆమెను స్మరించుచున్నది. భూమి శిస్తును గురించిన పోరాటములు పుస్తకములలో విస్తారముగా కలవు. ఆ ఊరిలో మాత్రము మంట రేగినది కఱ్ఱను గురించి. నాగలికిని, ఇంటికిని కావలసిన కఱ్ఱ కొరకు మనుష్యులు చనిపోయిన నేల ఇది. పాత దూలమును చూచినపుడు ఈ సంగతి జ్ఞప్తికి రావలెనని నా కోరిక.

1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. రైతుకు పట్టా వచ్చినది. అడవి మాత్రము రైతుకు రాలేదు, ప్రభుత్వమునకు చేరినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడునాటికి మన రైతు భూమికి యజమాని, అడవికి పరాయివాడు. అప్పటికే పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో కలిసిపోవుటచేత, ఆ వైపు కొండల కలపకును రాష్ట్రపు సరిహద్దు అడ్డము వచ్చినది.

ఈలోపల రైలు తన పని తాను చేసెను. 1890ల దశకమున తూర్పుతీరపు రైలుమార్గము మన జిల్లాలగుండ పడినది. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న రైలు నడచినది. రైలు ఒక చేతితో కలపను తీసికొనిపోయినది, పట్టాల క్రింది దిమ్మెలకు గుగ్గిలమంతటి మంచి కొయ్య లేదు గనుక. రెండవ చేతితో యంత్రపు పెంకును తెచ్చినది. బాసెల్ మిషను వారు 1865లో మంగుళూరులో మొదలుపెట్టిన పెంకుల కార్ఖానా రూపము దేశమంతట వ్యాపించినది. మనవారు దీనిని బెంగుళూరు పెంకు అందురు. పుట్టినది మంగుళూరున, పేరు వచ్చినది బెంగుళూరునకు! ఈ పెంకు చదునైనది, ఒకదానినొకటి పట్టుకొనుటకు గాడులు గలది. ఒకే వరుస చాలును. చదరపు మీటరునకు సుమారు 15 పెంకులు పట్టును. నాటుపెంకుకంటె బరువు తక్కువగుటచేత కొయ్య ఆదాయైనది. అయితే ఈ పెంకునకు బద్దలు తిన్నగా, సమదూరమున నుండవలెను. వంకరయైన తాటివాసము దీనికి పనికిరాదు. రంపపుమిల్లులో కోసిన చతురస్రపు కొయ్య వచ్చుటకును, ఊరి కుమ్మరికిని, ఊరి తాడికిని పని తగ్గుటకును ఇది కారణమయ్యెను. మన వీధులలో నేడు పాత పెంకుటిండ్లుగా మిగిలినవానిలో పెక్కు ఈ తరమునకు చెందినవే.

తుఫానులు మన ఇండ్లకు తీర్పు చెప్పు న్యాయాధిపతులు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరముదాటిన తిత్లీ, వరుసగా వచ్చినవి. తిత్లీకి ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలమట్టమైనవి. గాలికి పెంకులు లేచిపోవుట సహజము. పెంకు పోయిన కప్పులో గాలి నిలువక దాటిపోవును గనుక పంజరము దక్కును. పెంకు మరల వేసికొనవచ్చును. రేకుల కప్పు లేచినచో తనతోపాటు కొయ్యను కూడ పెరుకుకొనిపోవును. కాంక్రీటు స్లాబు వీటన్నిటికంటె తుఫానునకు గట్టిదని ఒప్పుకొనక తప్పదు. తీరప్రాంతపు పేద కుటుంబము చుట్టిల్లు విడిచి స్లాబు ఇంటికి మారినచో తప్పుపట్టు అధికారము మనకు లేదు. రాత్రి గాలివాన వచ్చినపుడు ప్రాణముతో పడుకొనుటకంటె పాత రూపము ముఖ్యము కాదు. మండుటెండలో ఆ స్లాబు క్రింద పడుకొన్నవానికి మట్టిగోడ విలువ తెలియుననుట మాత్రము నిజము.

కాబట్టి అన్ని పాత ఇండ్లను నిలుపుకొనవలెనని నేను చెప్పను. నిలుపుకొనగలిగినవారు నిలుపుకొందురు. విప్పబోవు ఇంటిని విప్పక మునుపు చదివి పెట్టుట మన గ్రంథాలయము చేయగలిగిన పని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన తరువాత తెలుగునాట వెలసిన గ్రామ గ్రంథాలయములకు సొంత భవనములు ఎక్కడివి? ఒక రైతు పంచ, ఒక వీధి అరుగు, రెండు బల్లలు, ఒక బీరువా. ఆ అరుగుల ఋణము మనకున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1960ల దశకమున వెలువరించిన మాండలిక వృత్తిపదకోశములో గృహనిర్మాణపు పదములకు ఒక సంపుటమునే కేటాయించిరి. బూదరాజు రాధాకృష్ణగారు దానికి సంపాదకులు. ఆ పదములు చెప్పిన వడ్రంగులు, మేస్త్రీలు నేడు లేరు. వారి శిష్యులలో కొందరు ఇంకను మన ఊళ్లలోనే వృద్ధులై యున్నారు.

పని పెద్దది కాదు. ఇల్లు విప్పు దినమునకు ముందొక పూట ఇద్దరు యువకులు ఒక టేపు, ఒక నోటుపుస్తకము తీసికొని పోవలెను. వీధివైపు వెడల్పు, లోతు, గదుల వరుస, స్తంభముల సంఖ్య, వాటి నడుమ దూరము, దూలముల పొడవు, చుట్టుకొలత, ఏ కొయ్యయో, మొదలు పాతినదో దిమ్మెపైనదో, అతుకు ఎట్టిదో, కొయ్యపై ఉలిగుర్తులున్నవో లేవో వ్రాసికొనవలెను. ఒక ఫోటో గోడలవైపునుండి, రెండు ఫోటోలు అటకమీదినుండి. ఆ కొయ్య ఏ కొండదో, బండ్లపై వచ్చినదో రైలుపై వచ్చినదో ఇంటి పెద్దలకు చాలవరకు తెలిసియుండును. ముసలమ్మలకు మరింత బాగుగా తెలియును, అడుగువారే తక్కువ. వడ్రంగి తాతను వెంటబెట్టుకొని పోయినచో ప్రతి కొయ్యకు అతడే పేరు చెప్పును. ఆ పేరును అతడు పలికినట్లే వ్రాయవలెను, మన పుస్తకభాషలోనికి దిద్దరాదు. నోటుపుస్తకము గ్రంథాలయపు బీరువాలో మన గ్రామపు విభాగమున ఉంచవలెను. చందాదారులు తమ ఇంటి కొలతలను తామే వ్రాసి తెచ్చి ఇచ్చినను సరియే. పలుగు పడుటకు ముందు, వర్తకుడు రాక మునుపు అయినచో మరియు మేలు.